వర్టస్ 1.0 టీఎస్‌ఐ: లీటరు ఇంజన్‌తో ఇంత బండిని లాగించే బూస్ట్ సంగతి

ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ పొడవు 4,561 మిల్లీమీటర్లు. ఇంత పొడవైన సెడాన్‌కు 999 సీసీ, మూడు సిలిండర్ల ఇంజన్ సరిపోతుందా అన్న సందేహం షోరూమ్‌కు వెళ్లిన దాదాపు ప్రతివారికీ వస్తుంది. సేల్స్ కుర్రాడు "టర్బో ఉంది సార్" అన్న ఒక్క మాటతో దాన్ని తీర్చేస్తాడు. ఆ జవాబు తప్పు కాదు గానీ, టర్బో ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు ఉండీ లేనట్టే ఉంటుంది, బ్రోషర్‌లో రాసిన 115 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి శక్తి కొలత)లో దాని వాటా ఎంత అన్నవి తెలుసుకోకుండా కొన్నవాళ్లు తరవాత ఈ కారును అనవసరంగా తిట్టడమో, అనవసరంగా పొగడడమో చేస్తుంటారు. నేను ఆరు గేర్ల మాన్యువల్ బండిని హైదరాబాద్‌లో నడుపుతున్నాను. సీట్లు, టచ్‌స్క్రీన్, డిక్కీ గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు కనుక ఈ సమీక్షను ఇంజన్‌కూ, అందులోకి గాలిని నెట్టే బూస్ట్ పీడనానికీ పరిమితం చేస్తున్నాను.

టర్బో అంటే ఇంజన్ వదిలే పొగతో తిరిగే టర్బైన్, దానికి జతగా ఇంజన్‌లోకి గాలిని నొక్కే కంప్రెసర్. దాని విలువ తెలియాలంటే అదే ఇంజన్ టర్బో లేకుండా ఎంత శక్తినిచ్చేదో చూడాలి. అదృష్టవశాత్తు ఆ లెక్క మనకు అందుబాటులోనే ఉంది. 2020లో బీఎస్6 కాలుష్య నిబంధనలకు తగ్గట్టు వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ పోలోలో రెండు ఇంజన్లు ఉండేవి. రెండూ 999 సీసీవే, రెండూ మూడు సిలిండర్లవే, రెండూ ఒకే కుటుంబానివి. టర్బో లేని ఎంపీఐ ఇంజన్ 76 పీఎస్ శక్తినీ, 95 న్యూటన్ మీటర్ల టార్క్‌నూ (ఇంజన్ తిప్పే బలాన్నీ) ఇచ్చేది. టర్బో ఉన్న టీఎస్‌ఐ 110 పీఎస్, 175 న్యూటన్ మీటర్లు ఇచ్చేది. వర్టస్‌లో ఉన్నది ఆ టీఎస్‌ఐకి కాస్త పదును పెట్టిన రూపం: 115 పీఎస్, 178 న్యూటన్ మీటర్లు. పోలో అంకెలను పక్కపక్కన పెడితే ఒక చిక్కుముడి కనిపిస్తుంది. టార్క్ 84 శాతం పెరిగితే శక్తి 45 శాతమే పెరిగింది. గాలిని దాదాపు రెట్టింపు నెట్టినప్పుడు శక్తి కూడా రెట్టింపు కావాలి కదా, మిగతాది ఎక్కడికి పోయింది?

శక్తి అంటే టార్క్‌ను ఇంజన్ వేగంతో గుణించగా వచ్చేది. ఎంపీఐ తన 76 పీఎస్‌ను 6,000 ఆర్‌పీఎమ్ దాటాక, అరుస్తూ ఇచ్చేది. టీఎస్‌ఐ తన గరిష్ఠ శక్తిని 5,000కూ 5,500కూ మధ్యనే ఇచ్చేస్తుంది. వర్టస్ బ్రోషర్ ప్రకారం 178 న్యూటన్ మీటర్లు 1,750 నుంచి 4,500 ఆర్‌పీఎమ్ వరకూ ఒకే తీరుగా ఉంటాయి. 4,500 దగ్గర ఆ టార్క్‌కు లెక్క కడితే దాదాపు 84 కిలోవాట్లు, అంటే 114 పీఎస్ వస్తుంది. అక్కడి నుంచి 5,500 వరకూ వేగం పెరుగుతున్నా శక్తి 115 దగ్గరే నిలబడిందంటే, టార్క్ 147కి దిగిందన్నమాట. ఇంజన్ చేతకాక దిగింది కాదు, కంట్రోల్ యూనిట్ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) కావాలని బూస్ట్‌ను తగ్గించి దింపింది. చిన్న టర్బైన్ కింది వేగాల్లో త్వరగా తిరుగుతుంది గానీ, పై వేగాల్లో అంత పొగను తనలోంచి పంపలేక ఎగ్జాస్ట్‌కు తానే అడ్డు తగులుతుంది. ఆ వేడిలో అదే పీడనాన్ని నిలపాలంటే దాని ప్రాణానికే ముప్పు. అందుకని ఈ ఇంజన్‌ను మధ్య వేగాల కోసం తీర్చిదిద్దారు.

కొనేవాడికి ఇందులో ఉన్న లాభం గరిష్ఠ అంకెలో కనిపించదు. 1,750 ఆర్‌పీఎమ్ దగ్గర వర్టస్ 44 పీఎస్ ఇస్తుంది; టర్బో లేని ఇంజన్ తన గరిష్ఠ టార్క్‌ను ఆ వేగంలోనే అందుకుందని ఉదారంగా అనుకున్నా 24కు మించదు. మనం రోజూ బండి నడిపేది 1,500కూ 3,000కూ మధ్యనే కనుక, 45 శాతం లాభమని బ్రోషర్ సూచించేది రోడ్డు మీదకు వచ్చేసరికి దాదాపు రెట్టింపు అవుతోంది. ఈ కారు గురించి నాకున్న సదభిప్రాయానికి మొదటి కారణం ఇదే.

బూస్ట్ పీడనమే శక్తి కాదని కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ట్యూనింగ్ షాపుల బేరమంతా ఈ గందరగోళం మీదే నడుస్తుంది. పెట్రోల్ మండడానికి కావలసింది గాలి పీడనం కాదు, గాలి బరువు. ఒక గ్రాము పెట్రోల్ పూర్తిగా కాలడానికి 14.7 గ్రాముల గాలి కావాలి. కమ్మరి కొలిమిలో తిత్తి ఊదినట్టు టర్బో గాలిని ఊదుతుంది, కానీ ఆ ఊదడంలో గాలి వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి పలచబడుతుంది. 35 డిగ్రీల గాలిని వాతావరణ పీడనానికి రెట్టింపు చేసే కంప్రెసర్ 70 శాతం సామర్థ్యంతో పనిచేస్తే, బయటికి వచ్చే గాలి 130 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు పీడనం రెట్టింపైనా, సిలిండర్‌లోకి చేరే గాలి ఒకటిన్నర రెట్లే. దాన్ని ఇంటర్‌కూలర్‌తో 60 డిగ్రీలకు చల్లబరిస్తే ఒకటికి 1.85 రెట్లు అవుతుంది. అంటే గేజ్ మీద అదే అంకె కనిపిస్తున్నా, చల్లదనం ఒక్కటే లోపలికి వెళ్లే గాలిని అయిదో వంతు పైగా పెంచుతోంది. వర్టస్ ఇంజన్‌లో ఇంటర్‌కూలర్‌ను ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోనే (సిలిండర్లకు గాలిని పంచే గొట్టంలోనే) అమర్చి, నీటితో చల్లబరుస్తారు. దానికీ టర్బోకూ కలిపి వేరే కూలెంట్ మార్గం, దానికో ఎలక్ట్రిక్ పంపు ఉన్నాయి. గాలి తిరిగే దారి పొట్టిది కావడం వల్ల పెడల్ తొక్కినప్పుడు నింపవలసిన గొట్టం తక్కువ, కాబట్టి జాప్యమూ తక్కువ.

డాష్‌బోర్డ్‌లో బూస్ట్ గేజ్ లేదు. ఓబీడీ పోర్టుకు (మెకానిక్‌లు ఇంజన్ కంప్యూటర్‌ను పరీక్షించే ప్లగ్‌కు) తగిలించే చిన్న బ్లూటూత్ పరికరం ఒకటి కొని, ఫోన్‌లో మానిఫోల్డ్ పీడనం చూస్తుంటాను. ఇంజన్‌ను ఇంత చవకగా అర్థం చేసుకునే మార్గం మరొకటి లేదు. ఇంజన్ ఆపి, కీ మాత్రం ఆన్‌లో ఉంచితే హైదరాబాద్‌లో అది 95 కిలోపాస్కల్స్ దగ్గర చూపిస్తుంది, ఎందుకంటే నగరం సముద్ర మట్టానికి అయిదు వందల మీటర్లకు పైన ఉంది; అదే విశాఖ బీచ్ రోడ్డులో 100 దాటుతుంది. ఇంజన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు ముప్పైలలోకి దిగిపోతుంది. చదునైన రోడ్డు మీద ఆరో గేర్‌లో ఎనభైతో పోతున్నప్పుడు కూడా వంద లోపే ఉంటుంది, అంటే ఆ సేపంతా టర్బో శక్తిని కలపడం లేదు, బండిని వట్టి లీటరు ఇంజన్ లాగుతోంది. మూడో గేర్‌లో 1,200 ఆర్‌పీఎమ్ దగ్గర పెడల్‌ను పూర్తిగా తొక్కితే అంకె ఒక్క ఊపున 95కు వచ్చి, అక్కడ ఒక క్షణం తటపటాయించి, 120, 150 అంటూ ఎక్కి, 2,000 చేరేలోగా 200 దాటుతుంది. ఆ తటపటాయింపునే మనం ల్యాగ్ అంటున్నాం. ఇంజన్ 5,000 దాటాక అంకె నెమ్మదిగా దిగడం కూడా కనిపిస్తుంది. పైన కట్టిన లెక్కకు అది ప్రత్యక్ష సాక్ష్యం.

నగరంలో ఈ కారు మీద నా ప్రధాన ఫిర్యాదు ఆ క్షణం గురించే. స్పీడ్‌బ్రేకర్ దాటి రెండో గేర్‌లో 1,200 దగ్గర పెడల్ తొక్కినప్పుడు బండి మొదట బద్ధకంగా కదిలి, తరవాత ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. పంజాగుట్ట ఫ్లైఓవర్ ఎక్కుడు మీద ట్రాఫిక్ ఆగి ఆగి కదులుతున్నప్పుడు, ఏసీ వేసి నలుగురు కూర్చుని ఉంటే, హాఫ్ క్లచ్ మీద కాస్త ఎక్కువ రేస్ ఇవ్వక తప్పదు. స్విఫ్ట్ డీజిల్ నడిపినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ఆ 1,248 సీసీ ఇంజన్ కూడా 2,000 లోపు నిద్రపోయి, ఆ పైన లేచి పరిగెత్తేది. పోల్చి చూస్తే వర్టస్‌లో జాప్యం చాలా తక్కువ, వేస్ట్‌గేట్‌ను (టర్బైన్‌ను తప్పించి పొగను పక్కకు వదిలే తలుపును) ఎలక్ట్రిక్ మోటారు తెరిచి మూస్తుంది కనుక. అయినా ఒకటిన్నర లీటరు మామూలు పెట్రోల్ ఇంజన్‌కు అలవాటు పడిన కాలికి మొదటి వారాల్లో చిరాకు వస్తుంది. ఇదే ఇంజన్‌తో వచ్చే ఆరు గేర్ల ఆటోమేటిక్‌లో టార్క్ కన్వర్టర్ (క్లచ్‌కు బదులు ద్రవం ద్వారా శక్తిని అందించే భాగం) జారుతూ ఇంజన్‌ను బూస్ట్ వచ్చే వేగంలోకి తనంతట తానే తీసుకువెళుతుంది కాబట్టి ఆ లోటు బాగా కప్పబడుతుంది. నగరంలోనే తిరిగేవాళ్లు నిస్సందేహంగా ఆటోమేటిక్ తీసుకోవడం మేలు.

ఔటర్ దాటి విజయవాడ రోడ్డు ఎక్కాక ఫిర్యాదులు వెనకబడతాయి. లారీని దాటాలనుకున్నప్పుడు అయిదో గేర్‌లో 2,000 పైన ఉంటే గేర్ మార్చే పనే ఉండదు, 178 న్యూటన్ మీటర్లూ అక్కడ సిద్ధంగా ఉంటాయి. ఇంజన్ శబ్దం పెద్దగా మారకుండానే బండి వేగం అందుకోవడం మొదట్లో నమ్మశక్యంగా ఉండదు. అయితే 5,000 పైన లాగిస్తే ఒరిగేదేమీ లేదు. మూడు సిలిండర్ల గరగర పెరుగుతుంది తప్ప పికప్ పెరగదు. చివరి దాకా అరిపిస్తూ నడపడం ఇష్టమైనవాళ్లకు ఈ ఇంజన్ నచ్చదు.

దీని అసలు సత్తా ఘాట్ రోడ్డులో తెలుస్తుంది. టర్బో లేని ఇంజన్ ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకూ సుమారు పదో వంతు శక్తిని కోల్పోతుంది, పీల్చుకునే గాలే పలచబడుతుంది కనుక. శృంగవరపుకోట దాటి అనంతగిరి మీదుగా అరకు ఎక్కేటప్పుడు బయటి పీడనం విశాఖలో ఉన్నదానికంటే పదో వంతు తగ్గుతుంది, కానీ పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు ఫోన్‌లో కనిపించే గరిష్ఠ అంకె మారదు. కంట్రోల్ యూనిట్ లక్ష్యంగా పెట్టుకునేది మానిఫోల్డ్‌లోని మొత్తం పీడనాన్ని; బయట తగ్గిన మేరకు టర్బోను మరింత వేగంగా తిప్పి పూడుస్తుంది. విశాఖలో గాలిని దాదాపు రెండింతలు నొక్కితే సరిపోయిన చోట, కొండ మీద రెండు పాయింట్ రెండింతలు నొక్కవలసి వస్తుంది. ఆ అదనపు శ్రమ కొంత వేడిగా, కొంత జాప్యంగా తేలుతుంది. హెయిర్‌పిన్ మలుపులో రెండో గేర్‌కు బదులు మూడోలో ఉండిపోతే ఆ జాప్యం కింద కంటే కొంచెం ఎక్కువే తెలుస్తుంది. శక్తి మాత్రం తగ్గదు.

మే నెల మధ్యాహ్నం తగ్గుతుంది. నలభై నాలుగు డిగ్రీల ఎండలో అరగంట ట్రాఫిక్‌లో నిలిచిన తరవాత బండి ఉదయం లాగినట్టు లాగదు, అందులో మన భ్రమ ఏమీ లేదు. ఇంటర్‌కూలర్ నీరే వేడెక్కి ఉంటుంది. వేడి గాలి సిలిండర్‌లో మరింత నలిగినప్పుడు స్పార్క్ పడ్డాక మంట పూర్తిగా వ్యాపించకముందే మిగిలిన మిశ్రమం తనంతట తాను పేలుతుంది. ఆ నాకింగ్‌ను సెన్సర్ పసిగట్టగానే కంట్రోల్ యూనిట్ స్పార్క్‌ను ఆలస్యం చేసి, అవసరమైతే బూస్ట్‌ను తగ్గిస్తుంది. బూస్ట్‌కు నిజమైన హద్దు టర్బో సత్తువ కాదు, ఈ నాకింగే. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబిల్ జెట్‌ఫైర్ అనే టర్బో కారు వచ్చింది, 10.25 కంప్రెషన్ నిష్పత్తి (సిలిండర్‌లో మిశ్రమం ఎన్నో వంతుకు నలుగుతుందో చెప్పే అంకె) మీద బూస్ట్ ఇవ్వడానికి వాళ్లు నీళ్లూ మిథనాల్ కలిపిన ద్రవాన్ని ఇన్‌టేక్‌లోకి చిమ్మవలసి వచ్చింది, యజమానులు ఆ సీసా నింపడం మరచిపోయేవారు. ఈనాటి 1.0 టీఎస్‌ఐ అంతకంటే ఎక్కువగా 10.5 నిష్పత్తితో, అంతకంటే ఎక్కువ బూస్ట్‌తో ఏ ద్రవమూ లేకుండా నడుస్తోంది. పెట్రోల్‌ను నేరుగా సిలిండర్‌లోకి చిమ్మడం వల్ల అది ఆవిరవుతూ లోపలి గాలిని చల్లబరచడం ఇందుకు ముఖ్య కారణం.

ఇంధనం విషయంలో రెండు మాటలు. ఇథనాల్‌కు నాకింగ్‌ను తట్టుకునే గుణం ఎక్కువ కాబట్టి ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోల్ టర్బో ఇంజన్‌కు ఆ ఒక్క విషయంలో చెడు చేయదు; కానీ లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి పెట్రోల్‌తో పోలిస్తే దాదాపు మూడో వంతు తక్కువ కనుక మైలేజీ తగ్గడం తప్పదు. 2022లో కారు వచ్చినప్పుడు కంపెనీ మాన్యువల్ గేర్ల బండికి ప్రకటించిన మైలేజీ లీటరుకు 19.4 కిలోమీటర్లు. హైవే మీద తొంభై దాటకుండా పోతే నాకు 17, 18 వస్తోంది, నగరంలో 11 లేదా 12. పైన చెప్పిన గేజ్ చూస్తే కారణం తెలిసిపోతుంది: అంకె వంద లోపు ఉన్నంతసేపూ మీరు లీటరు ఇంజన్ కారు నడుపుతున్నారు, 200 దగ్గర ఉన్నంతసేపూ రెండు లీటర్ల ఇంజన్‌కు సరిపడా గాలినీ, ఆ గాలికి సరిపడా పెట్రోల్‌నూ మంటపెడుతున్నారు. పైగా పూర్తి భారం మీద టర్బైన్‌ను వేడి నుంచి కాపాడటానికి కంట్రోల్ యూనిట్ అవసరానికి మించి పెట్రోల్ చిమ్ముతుంది. చిన్న ఇంజన్ కాబట్టి ఎలా తొక్కినా మైలేజీ ఇస్తుందనుకునేవాళ్లకు నిరాశ తప్పదు. మన పన్ను విధానంలో చిన్న ఇంజన్‌కు దక్కే రాయితీ కూడా ఈ కారుకు లేదు, నాలుగు మీటర్ల పొడవు దాటింది కాబట్టి.

దీనికంటే ఖరీదైన 1.5 టీఎస్‌ఐ 150 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. లీటరుకు లెక్కేస్తే అది 100 పీఎస్, ఇది 115. అంటే చిన్న ఇంజనే ఎక్కువ ఒత్తిడి మీద బతుకుతోంది. పెద్దదానిలో గరిష్ఠ టార్క్ 1,600 దగ్గరే మొదలవుతుంది, బూస్ట్ రాకముందు కూడా బండిని కదిలించడానికి అర లీటరు ఇంజన్ అదనంగా ఉంటుంది. నా దృష్టిలో ఆ తేడా గరిష్ఠ వేగంలో కంటే ట్రాఫిక్‌లోనే ఎక్కువ విలువైనది. ఇక ఒకే ఇంజన్‌ను తయారీదారు ఎన్ని రకాలుగా బిగించగలడో చూడాలంటే హ్యుందాయ్ 1.0 టర్బోను గమనించవచ్చు: గతంలో వచ్చిన గ్రాండ్ ఐ10 నియోస్ టర్బోలో 100 పీఎస్ ఉండేది, వెన్యూలో 120, టార్క్ మాత్రం రెంటిలోనూ 172 న్యూటన్ మీటర్లే. పై వేగాల్లో బూస్ట్‌ను ఎంత సేపు నిలబెట్టాలన్న నిర్ణయమే ప్రధానంగా ఆ 20 పీఎస్ తేడా.

ఇది విన్నాక ఎవరికైనా రీమ్యాప్ ఆలోచన వస్తుంది. నగరంలో ఈ పని చేసే షాపులు ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ మార్చి బూస్ట్ పెంచి, 115ను 140కి చేర్చుతామని చెబుతాయి. అలా మార్పించిన ఇదే మోడల్‌లో కూర్చున్నాను. రెండో గేర్‌లో 2,500 దగ్గర ముందు టైర్లు జారి స్టీరింగ్ చేతిలో మెలితిరిగింది, మజా వచ్చిన మాట నిజమే. కానీ అక్కడ పెంచింది మధ్య వేగాల టార్క్. క్లచ్, గేర్‌బాక్స్, పిస్టన్లు భరించవలసింది దాన్నే. ఎండ కోసం, కొండ కోసం, పాత పెట్రోల్ కోసం కంపెనీ అట్టిపెట్టుకున్న వెసులుబాటును ఖర్చు పెట్టి కొనుక్కునే శక్తి అది. వారంటీ పోతుంది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనంలో మార్పులను పరిమితం చేస్తోంది, బీమా కంపెనీకి చెప్పకపోతే క్లెయిమ్ దగ్గర ఇబ్బంది వస్తుంది. కంపెనీ ఇచ్చిన బూస్ట్‌తోనే ఉండటం మంచిదని నా అభిప్రాయం. ఇంకా కావాలనుకునేవాళ్లు ఆ డబ్బును 1.5 వైపు మళ్లించాలి.

సంరక్షణలో అసాధారణమైనవేమీ లేవు, ఒక్క అలవాటు తప్ప. పై గేర్‌లో, 1,500 లోపు వేగంలో పెడల్‌ను నేలకు తొక్కవద్దు. నేరుగా ఇంధనం చిమ్మే చిన్న టర్బో ఇంజన్లలో, వేగం తక్కువగా ఉండి పీడనం ఎక్కువగా ఉన్నప్పుడు స్పార్క్‌కు ముందే వచ్చే పేలుడు మామూలు నాకింగ్ కంటే చాలా బలమైనది, పిస్టన్‌ను పగలగొట్టగలదు. ఒక గేర్ దించడం ఖర్చు లేని పని. ఆయిల్ విషయంలో కారుతో ఇచ్చిన పుస్తకంలో రాసిన గ్రేడ్‌నే పోయించండి; టర్బో షాఫ్ట్ నిమిషానికి లక్షకు పైగా తిరుగుతూ పలచటి ఆయిల్ పొర మీదే తేలుతుంటుంది. ఘాట్ దిగి ఆపిన తరవాత ముందు భాగంలో కాసేపు ఫ్యాన్ తిరుగుతున్నా, సన్నటి మోటారు శబ్దం వినిపిస్తున్నా కంగారు పడనక్కర్లేదు. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, గొట్టం క్లిప్ వదులైనా మొదట తగ్గేది బూస్టే. పికప్ తగ్గి మైలేజీ పడిపోతే ఇంజెక్టర్ల మీద అనుమానపడే ముందు వాటిని చూడమనండి.

కొనదలచినవాళ్లు టెస్ట్ డ్రైవ్‌ను ఖాళీ రోడ్డు మీద, ఒంటరిగా, సేల్స్ కుర్రాడు చూపించిన దారిలో ముగించవద్దు. ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని, ఏసీ వేసి, దగ్గర్లోని ఫ్లైఓవర్ ఎక్కుడు మీద రెండో గేర్‌లో 1,300 దగ్గర నుంచి నెమ్మదిగా తొక్కి చూడండి. అక్కడ వచ్చే ఆలస్యం మీకు సమ్మతమైతే మాన్యువల్ తీసుకోండి, కాకపోతే అదే రోజు అదే ఎక్కుడు మీద ఆటోమేటిక్‌నూ, 1.5నూ అడిగి నడపండి.